శుభలేఖ మీద బొడోని: తెర మీద ఉన్న సన్నగీతలు అచ్చులో ఎక్కడికి పోయాయి?

నీలిసిరా

మా పిన్ని కూతురి పెళ్లి శుభలేఖ పని నా మీద పెట్టారు. లోపలి తెలుగు పాఠంతో ఇబ్బంది లేదు. పెళ్లికొడుకు వైపు బంధువులు సగం మంది పుణె, బెంగళూరుల్లో ఉంటారని పై అట్ట మాత్రం ఇంగ్లిషులో అడిగారు. దానికి బొడోని అనే ఇంగ్లిషు ఫాంటు తీసుకున్నాను. లావు కర్రలు, వాటి పక్కన వెంట్రుకంత సన్నగీతలు దాని తీరు. వధూవరుల పేర్లు 40 పాయింట్లు. వాటి కింద తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా 9 పాయింట్లు. మెరూన్ నేల మీద బంగారు రంగు అక్షరాలు. తెర మీద చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

నిన్న ప్రెస్సు నుంచి నమూనా వచ్చింది. పెద్ద పేర్లు బాగానే ఉన్నాయి. కింది వరుసలు చూస్తే మనసు విరిగింది. పెద్ద 'ఎన్'లో రెండు పక్కల నిలువు గీతలు లేవు, మధ్యలో ఏటవాలు కర్ర ఒక్కటే మిగిలింది. 'హెచ్' నడుమ అడ్డగీత పోయి 11 అంకెలా ఉంది. 'ఈ'కి మూడు చేతులూ లేవు. మా పిన్ని వాళ్ల ఇంటిపేరు ముందే తెలిసినవాళ్లు తప్ప ఎవరూ చదవలేరు.

ప్రెస్సు ఆయన ఫాంటు మార్చమంటున్నారు. నాకు మార్చాలని లేదు. ఈ అక్షరాల్లో ఉన్న ఠీవి వేరే వాటిలో దొరకడం లేదు. లోపం ఫాంటుదా, ప్రెస్సుదా? బొడోనితో శుభలేఖలు వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఫ్లెక్సీభాస్కర్

ముందు ఇది చెప్పండి. బంగారు రంగు అంటే వేడితో అద్దే మెరుపు రేకు, అదే ఫాయిలా, అచ్చు రంగా? అట్టే మెరూనా, తెల్ల అట్ట మీద మెరూన్ వేశారా?

నీలిసిరా

తెల్ల ఆర్ట్ కార్డు, 300 జీఎస్‌ఎం, ఆఫ్‌సెట్. మెరూన్, బంగారు రంగు రెండూ నాలుగు రంగుల కలయికే. నమూనా నచ్చితే పెద్ద పేర్లకు ఫాయిలు వేయిద్దామనుకున్నాం.

గోళీసోడా

ప్రెస్సు ఎక్కడిది? పేరు చెబితే మేమూ జాగ్రత్తపడతాం.

వేదిక_నిర్వాహకుడు

ప్రెస్సుల పేర్లు, ఫోను నంబర్లు ఇక్కడ వద్దు. అక్షరాల గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

అచ్చుగది

ప్రెస్సును తిట్టకండి, ఫాంటునూ తిట్టకండి. లెక్క చూడండి.

పెద్ద సైజు కోసం గీసిన బొడోనిలో సన్నగీత మందం అక్షరం సైజులో నూటికి రెండు వంతులు అనుకుందాం. 40 పాయింట్ల పేరులో అది 0.8 పాయింటు అవుతుంది, కంటికి చక్కగా ఆనుతుంది. 9 పాయింట్ల వరుసలో అదే గీత 0.18 పాయింటు. మిల్లీమీటరులో పదహారో వంతు. తెల్ల కాగితం మీద నల్ల గీత అయితేనే 0.25 పాయింటుకు తగ్గవద్దంటాం. నిండు రంగు నేలలో ఆ రంగు పడకుండా వదిలి తెరిచిన గీతయితే అంతకు రెట్టింపు అడుగుతాం. ఎందుకంటే చుట్టూ ఉన్న సిరా కాగితం మీద కాస్త పాకుతుంది, తెరిచిన గీతను రెండు వైపుల నుంచీ తినేస్తుంది.

ఇక రంగుల సంగతి. మీ మెరూన్‌లో మూడు నాలుగు సిరాలు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. అవన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగితే పెద్ద అక్షరాల్లో ఎవరికీ తెలియదు. మీ పదహారో వంతు గీత మాత్రం పూర్తిగా మూసుకుపోతుంది. పైగా బంగారు రంగు కోసం పసుపు మీద మెజెంటాను చుక్కలుగా వేస్తారు. అంగుళానికి 150 చుక్కల వరుసలుండే స్క్రీన్‌లో ఒక్కో చుక్క గడి వెడల్పు దాదాపు అర పాయింటు. మీ గీత ఆ గడిలో సగం కూడా లేదు. చుక్క పడినచోట గీత ఉంటుంది, పడనిచోట ఉండదు. అందుకే తెగిపోయినట్టు కనిపిస్తోంది.

నీలిసిరా

గడి లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయితే 9 పాయింట్లలో బొడోని వాడనేకూడదా?

కోరెల్‌కుమారి

ఇంత లెక్కలెందుకండీ. కింది వరుసలకు అదే రంగులో 0.3 పాయింటు అవుట్‌లైను ఇచ్చి పంపండి. మా దగ్గర రోజూ చేసే పనే.

పుటలకూర్పు

అవుట్‌లైను ఇస్తే సన్నగీతతో పాటు లావు కర్ర కూడా లావెక్కుతుంది. చిన్న 'ఏ', 'ఈ' అక్షరాల కడుపులు పూడిపోతాయి, మూలలు మొద్దుబారతాయి. బొడోని అందమంతా లావుకూ సన్నానికీ మధ్య ఉన్న తూకంలోనే ఉంది. ఆ తూకం చెడగొట్టాక ఇంకే ఫాంటు వాడినా ఒకటే.

నీలిసిరా గారూ, మీరు వాడిన ఫైలు ఏది? బొడోని పేరుతో చాలా ఉన్నాయి.

కోరెల్‌కుమారి

పుటలకూర్పు గారూ, మీరు చెప్పింది పుస్తకాలు వేసేవాళ్లకు సరే. కౌంటరు దగ్గర పార్టీ నిలబడి ఉంటుంది, ప్లేటు సాయంత్రానికి వెళ్లాలి. వచ్చేవాళ్లకు ముహూర్తం, మండపం కనిపించడం ముఖ్యం. ఆ పని అవుట్‌లైను చేస్తుంది.

నీలిసిరా

బొడోని మోడా, 96 పాయింట్ల రూపం. అన్ని వరుసలకూ అదే.

పుటలకూర్పు

దారి దొరికింది. బొడోని మోడాలో సైజును బట్టి మారే రూపం ఉంది. 6 నుంచి 96 పాయింట్ల దాకా జరుపుకోవచ్చు. 6 వైపు వెళ్లేకొద్దీ సన్నగీతలు బలపడతాయి, అక్షరాల మధ్య ఎడం పెరుగుతుంది, మొత్తం కాస్త వెడల్పవుతుంది. 96 వైపు వెళ్లేకొద్దీ గీతలు నాజూకు అవుతాయి. మీరు 96 కోసం గీసినదాన్ని 9కి కుదించారు. 9కి 9 రూపమే పెట్టండి. ఫాంటు మార్చనక్కర లేదు, ఠీవి పోదు. కోరెల్‌కుమారి గారికి కావలసిన వేగం కూడా ఇందులో ఉంది, రూపం మార్చడానికి అవుట్‌లైను ఇచ్చినంత సేపే పడుతుంది.

పార్మాదారి

పుటలకూర్పు గారు చెప్పింది కంప్యూటర్లతో వచ్చిన కొత్త సౌకర్యం అనుకుంటారేమో. అసలు బొడోని పనితీరే అది.

జాంబత్తిస్తా బొడోని 1740లో ఇటలీ ఉత్తరాన సలూజ్జోలో పుట్టాడు. తండ్రిది అచ్చు పనే. కుర్రతనంలో రోముకు వెళ్లి ప్రొపగాందా ఫీదే ముద్రణాలయంలో చేరాడు. మతప్రచారం కోసం ఎన్నో దేశాల లిపుల్లో పుస్తకాలు వేసే చోటు అది. పరాయి లిపుల అచ్చులతో చెయ్యి అక్కడే సాఫైంది. 1768లో పార్మా డ్యూక్ పిలిచి తన ముద్రణాలయం అప్పగించాడు. 1813లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ రోజుల్లో అక్షరం అంటే ఉక్కు ముక్క కొనమీద తలకిందులుగా చెక్కిన పంచ్. దాన్ని రాగి దిమ్మలోకి కొట్టి మాతృక తయారుచేసి, అందులో సీసం పోసి అచ్చులు తీసేవారు. ప్రతి సైజుకూ పంచ్‌లు వేరు. చిన్న సైజు చెక్కేటప్పుడు గీత కాస్త లావుగా, పెద్ద సైజుకు నాజూకుగా చెక్కాలని పనివాడి చేతికే తెలుసు. బొడోని అంతటితో ఆగలేదు. ఒకే సైజులో కూడా కొంచెం వెడల్పుగా ఒకటి, కొంచెం ఇరుకుగా ఒకటి, కొంచెం లావుగా ఒకటి చెక్కి పెట్టుకున్నాడు. ఆయన పోయాక భార్య మార్గెరీత పట్టుబట్టి 1818లో ఆయన అక్షరాలన్నింటినీ రెండు సంపుటాల నమూనా గ్రంథంగా వెలువరించింది. అక్షరానికి కావలసినవి ఒకే తీరు, శుభ్రత, మంచి అభిరుచి, సొగసు అని అందులో ముందుమాటలో రాసుకున్నాడు.

ఆ పంచ్‌లు, మాతృకలు ఇప్పటికీ పార్మాలో పిలోత్తా భవనంలోని బొడోని మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. 1994లో ఐటీసీ అనే అమెరికా ఫాంట్ల సంస్థకు ఐటీసీ బొడోని చేసినవాళ్లు అక్కడికే వెళ్లి పరిశీలించి 6, 12, 72 పాయింట్లకు మూడు వేర్వేరు రూపాలు గీశారు. 6 రూపాన్ని పెద్దది చేసి చూడండి, కాస్త మొరటుగా ఉంటుంది. ఆ మొరటుతనమే చిన్న సైజులో గీతను నిలబెడుతుంది.

గోళీసోడా

మూడు పేరాలు చదివాక మ్యూజియం టికెట్టు కొనాలనిపించింది. పార్మాకు రైలు కాజీపేట మీదుగా వెళ్తుందా?

పార్మాదారి

బొలోన్యా, మిలాన్ దారిలో ఉంది. కాజీపేటలో ఎక్కితే మాత్రం చాలాచోట్ల దిగి మారాలి.

ఎర్రసిరా

నాది వేరే మాట. అచ్చులో గీత నిలబడినా సరే, పెళ్లిపిలుపుకు ఇది తగిన అక్షరం కాదు. నిలువు కర్రలన్నీ ఒకే లావు, సన్నగీతలన్నీ ఒకే సన్నం, చెయ్యి తగిలిన ఆనవాలు ఎక్కడా లేదు. ఓ నాలుగు వరుసలు పేరిస్తే కళ్లముందు కటకటాల ఊచలు నిలబడినట్టు ఉంటుంది. కెల్మ్‌స్కాట్ ప్రెస్ నడిపిన విలియం మారిస్ బొడోని అక్షరాన్ని చదవడానికి పనికిరానిదని దుయ్యబట్టాడు. 15వ శతాబ్దపు వెనిస్ అక్షరాల వైపు వెనక్కి నడిచాడు. నేను ఆయన పక్షం. పాళీ ఒంపు కనిపించే గారమాండ్ ఫాంటు పెట్టండి, వెచ్చగా ఉంటుంది.

పార్మాదారి

మారిస్ మాట్లాడింది పుస్తకంలో నిండు పేజీ గురించి. అక్కడ నేనూ ఆయనతో వాదించను. నవల మొత్తం బొడోనిలో వేస్తే కళ్లు అలిసిపోతాయి. శుభలేఖ అట్ట మీద ఉన్నవి పాతిక ముప్పై మాటలు. ఆ మాటలను చూడగానే నిలిచిపోవాలి. ఆ పనిలో దీనికి సాటి లేదు.

చెయ్యి ఆనవాలు లేదన్నది కూడా ఒప్పుకోను. అసలు బొడోని పెద్ద సైజుల్లో కర్ర అడుగున పాదంలా ఉండే అడ్డగీతను, అంటే సెరిఫ్‌ను భూతద్దంలో చూడండి. కర్రను కలిసే చోట రవ్వంత వంపు ఉంటుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో అక్షరాలు గీసే మారిస్ ఫుల్లర్ బెంటన్ బొడోనిని మళ్లీ గీసినప్పుడు దాన్ని స్కేలు పెట్టినట్టు సాపు చేశాడు. మన కంప్యూటర్లలో బొడోని పేరుతో ఉన్నవాటిలో చాలావరకు ఆ సంతతే. మీకు చల్లగా తోచేది బెంటన్ చేసిన సాపు.

ఎర్రసిరా

సెరిఫ్ వంపు భూతద్దంలో తప్ప కనిపించదని మీరే అన్నారు. శుభలేఖతో పాటు భూతద్దం పంచలేం కదా. పాతిక మాటలకు నిలుస్తుందన్న మాట వరకు సరే.

సియాటిల్_సుబ్బలక్ష్మి

ఇక్కడ అమెరికాలో ఖరీదైన పెళ్లి పిలుపులు కొన్ని ఇప్పటికీ రాగి ఫలకం మీద చెక్కి వేస్తారు. గాడిలో సిరా నింపి, పైన తుడిచేసి, కాగితాన్ని గట్టిగా నొక్కుతారు. సిరా కాగితం మీద చిన్న గట్టులా నిలుస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ పద్ధతిలో ఎంత సన్నగీతయినా చెక్కుచెదరదు. మా మేనకోడలి పిలుపు అలాగే వేయించాం. అక్షరం ఇలాంటిదే, లావు సన్నం తేడా బాగా ఉన్నది.

అచ్చుగది

సుబ్బలక్ష్మి గారు చెప్పింది మూలానికే వెళ్లింది. ఈ అక్షరాల్లో ఇంత తేడా రావడానికి ఒక కారణం రాగి మీద చెక్కేవాళ్ల రాతే. మొనదేలిన పాళీని నొక్కితే లావు, వదిలితే సన్నం. ఆ రూపాన్ని సీసం అచ్చుల్లోకి తేవాలంటే కాగితం నున్నగా ఉండాలి, సిరా చిక్కగా ఉండాలి. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ ఆ పని మొదలుపెట్టాడు. 1757లో నున్నటి కాగితం మీద లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు వేసి, అచ్చయిన పుటలను వేడి పలకల మధ్య నొక్కి మెరుపు తెచ్చాడు. బొడోనికి ఆయనంటే గురి. పారిస్‌లో ఫిర్మాన్ డిడో అదే దారిలో ఇంకా ముందుకు వెళ్లాడు. అక్షరం, కాగితం, సిరా, ఒత్తిడి నాలుగూ కలిసి పెరిగాయి. మనం అక్షరం ఒక్కటి తెచ్చుకుని మిగతా మూడింటినీ మరిచిపోతున్నాం.

బోర్డులబాబ్జీ

కాగితానికే ఇంత కష్టమైతే నా గోడు వినండి. బట్టల షాపు పెట్టే ప్రతివాళ్లూ ఫోనులో ఒక ఫ్యాషన్ పత్రిక అట్ట చూపించి "ఇలాంటి అక్షరాలు కావాలి" అంటారు. ఎల్‌ఈడీ బోర్డు, అక్రిలిక్ అక్షరాలు. అచ్చుగది గారి లెక్కే తీసుకోండి. అడుగున్నర ఎత్తు అక్షరంలో సన్నగీత 9 మిల్లీమీటర్లు. అందులో ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టదు. లావు కర్రలు వెలుగుతాయి, సన్నగీతలు వెలగవు. పగలు షాపు పేరు ఉంటుంది, రాత్రి గీతలు ఉంటాయి. నీలిసిరా గారి 'హెచ్' రాత్రిపూట నా బోర్డు మీద కూడా 11 అవుతుంది.

పుటలకూర్పు

దీనికి ఏం చేస్తారు మీరు?

బోర్డులబాబ్జీ

అక్షరాల లోపల దీపం పెట్టను. వెనక పలక మీద వెలుగు పడేలా అక్షరానికి వెనకనుంచి ఇస్తాను. అప్పుడు అక్షరం మొత్తం నీడబొమ్మగా కనిపిస్తుంది, సన్నగీత కూడా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కోసినవైతే ఇంకా బాగుంటాయి. ఖర్చు ఎక్కువ. ఒప్పుకోని వాళ్లకు చిన్న సైజు రూపాన్ని పెద్దది చేసి పెడతాను, పేరు అదే ఉంటుంది కాబట్టి వాళ్లకు తృప్తి. పార్మాదారి గారు మొరటు అన్నారే, బోర్డుకు ఆ మొరటే కావాలి.

గోళీసోడా

ఫ్యాషన్ పత్రికలకూ ఈ అక్షరాలకూ ఈ చుట్టరికం ఎలా కుదిరింది? వోగ్, హార్పర్స్ బజార్ రెండూ ఇవే.

పార్మాదారి

అవి రెండూ డిడో దారివి, బొడోనికి పారిస్ దాయాదులు. హార్పర్స్ బజార్‌కు 1934 నుంచి 1958 దాకా ఆర్ట్ డైరెక్టర్‌గా అలెక్సీ బ్రొడోవిచ్ ఉన్నాడు. పేజీలో పెద్ద ఫోటో, కొద్ది మాటలు, మిగతాదంతా ఖాళీ తెలుపు. ఆ ఖాళీలో ఈ సన్నగీతలు బతికాయి. 1991లో అదే పత్రిక కోసం జొనాథన్ హోఫ్లర్ డిడోను మళ్లీ గీసినప్పుడు ఏడు సైజులకు ఏడు రూపాలు చేశాడు, ఏ సైజులో చూసినా గీత ఒకేలా నాజూకుగా కనిపించాలని. 2019లో బట్టల సంస్థ జారా తన పేరును ఇలాంటి అక్షరాల్లోకే మార్చి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేంత దగ్గరకు నెట్టింది. నాకు ఆ నెట్టడం నచ్చలేదు. ఈ అక్షరానికి ఊపిరాడే చోటు కావాలి.

నచ్చినది చెప్పమంటే పార్మా మనిషే, ప్రచురణకర్త ఫ్రాంకో మారియా రిచ్చి. 1982లో మొదలుపెట్టిన ఎఫ్ఎంఆర్ పత్రికలో నల్లటి అట్ట, నడుమ ఒక్క చిత్రం, బొడోని అక్షరాలు. నల్ల నేల మీద సన్నగీతలు ఎంత శుభ్రంగా నిలిచాయో చూస్తే నీలిసిరా గారి మెరూన్ అట్టకు ధైర్యం వస్తుంది.

ఫ్లెక్సీభాస్కర్

మా అబ్బాయి టీషర్టు మీద నిర్వాణ బ్యాండు పేరు ఉంటుంది, ఇరుకిరుగ్గా నల్లగా. అదీ బొడోనియే అని ఎక్కడో చదివాను. నిజమా?

పుటలకూర్పు

ఆ అక్షరం పేరు ఓనిక్స్. 1937లో గెర్రీ పావెల్ గీశాడు. బొడోనిని లావు చేసి, పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. సన్నగీత సన్నగానే మిగిలింది, కర్రలు మాత్రం ఒకదానికొకటి ఆనుకుంటాయి. అత్తరు సీసాకూ రాక్ బ్యాండుకూ ఒకే వంశం నుంచి అక్షరాలు వెళ్లాయి. ఎర్రసిరా గారూ, చెయ్యి తగిలిన ఆనవాలు లేదన్నారు కదా, ఇది చూడండి.

ఎర్రసిరా

నిర్వాణ అక్షరాల్లో పెళ్లిపిలుపు వేస్తే తప్పక చూస్తాను, వస్తాను కూడా.

ఒత్తుదీర్ఘం

అందరూ పై అట్ట దగ్గరే ఆగారు. లోపలి తెలుగు సంగతి? చాలామంది ఇంగ్లిషులో బొడోని పెట్టి, తెలుగును కూడా అలాగే లావు సన్నం చేసి ఇమ్మని అడుగుతారు. అక్కడ చాలా జాగ్రత్త కావాలి.

ఇంగ్లిషు అక్షరానికి నిలువు కర్ర వెన్నెముక. బొడోని ఆటంతా ఆ కర్ర చుట్టూనే. తెలుగు అక్షరానికి కర్ర లేదు, వలయాలే. లావు ఎక్కడ పెట్టాలి, సన్నం ఎక్కడ పెట్టాలి అన్నది వేరే లెక్క. పైగా మన దగ్గర చిన్న గీతే అర్థాన్ని మోస్తుంది. 'ద' అడుగున చిన్న నిలువు గీత చేరితే 'ధ', దాని నడుమ చుక్క పెడితే 'థ'. ఆ గీతను సన్నం చేసి అచ్చుకు పంపితే 'ధనలక్ష్మి' 'దనలక్ష్మి' అవుతుంది. 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు దగ్గర ఉండే చిన్న సందు. నేల రంగు సిరా పాకినా, బంగారు గీత ఉబ్బినా ఆ సందు పూడిపోతుంది. ఇంగ్లిషులో గీత పోతే అక్షరం వికారంగా ఉంటుంది. తెలుగులో గీత పోతే వేరే అక్షరం అవుతుంది. పెళ్లికూతురి పేరు తప్పు పడితే అమ్మమ్మలు ఊరుకోరు.

నీలిసిరా

లోపల బాపు రాతను పోలిన ఫాంటు ఉంది. శుభలేఖలకు అలవాటైనదే కదా అని.

ఎర్రసిరా

అదిగో. లోపల బాపు రాతలో కుంచె నడక, బయట బొడోనిలో స్కేలు గీత. రెండూ ఒక ఇంట్లోవిలా లేవు.

ఒత్తుదీర్ఘం

ఇక్కడ ఎర్రసిరా గారితో ఏకీభవిస్తాను. బాపు రాత దానికదే చాలా బలమైన గొంతు. పక్కన ఇంకో బలమైన గొంతు పెడితే రెండూ ఒకేసారి మాట్లాడతాయి. బయట బొడోని ఉంచదలచుకుంటే లోపల నెమ్మదైనది కావాలి. టీరో తెలుగు ఫాంటు చూడండి. జాన్ హడ్సన్, ఫియోనా రాస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే భారతీయ ప్రాచీన సాహిత్య గ్రంథమాల పుస్తకాల కోసం చేసిన తెలుగు అక్షరాల నుంచి వచ్చింది, ఉచితం. లావు సన్నం తేడా ఉంది, కానీ పాత సీసం అచ్చుల పద్ధతిలో వలయాన్ని అనుసరించి ఉంది. చిన్న గీతలు గట్టిగా ఉంటాయి. ఇంకొంచెం లావు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగులో చాలా మందాలు ఉన్నాయి.

కోరెల్‌కుమారి

పార్టీలు బాపు రాత లేకపోతే శుభలేఖే కాదంటారండీ. మా ఊళ్లో పదికి ఎనిమిది అవే. నేనైతే తెలుగును ఉంచి ఇంగ్లిషునే మార్చేస్తాను.

ఒత్తుదీర్ఘం

కోరెల్‌కుమారి గారి మాట కూడా న్యాయమే. ఎవరి పెళ్లి అయితే వాళ్ల ఇష్టం. రెండిట్లో ఒకటి తగ్గాలి, అంతే నేను చెప్పేది.

ఆల్బం_అనూష

పెళ్లి ఆల్బం అట్టల మీద నేను ప్లేఫెయిర్ డిస్‌ప్లే వాడుతున్నాను. 2011లో క్లాస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ చేసినది. చిన్న అక్షరాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి పేరు దూరం నుంచి చదవగలం. బొడోని కన్నా కాస్త గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఎర్రసిరా గారికి కావలసిన వెచ్చదనమూ కొంత ఉంది. కాకపోతే ఇప్పుడు ఏ బేకరీ డబ్బా చూసినా అదే.

ఒక మాట. పేర్ల మధ్య 'అండ్' గుర్తుకు మాత్రం బొడోని ఇటాలిక్‌దే తెచ్చి పెడతాను. ఆ మెలిక, చివర గుండ్రటి చుక్కతో ఆగడం, ఇంకే అక్షరంలోనూ అంత ముచ్చటగా ఉండదు. దాన్ని పేర్ల కన్నా పెద్దది చేసి, లేత రంగులో వెనక్కి నెడితే అట్టకు వేరే అలంకారం అక్కర లేదు.

గోళీసోడా

వధూవరులను కలిపేది ఆ గుర్తే కాబట్టి దానికి పెద్దపీట వేయడం సబబే.

ఫ్లెక్సీభాస్కర్

వాట్సాప్‌లో పంపే కార్డు కూడా మరిచిపోకండి. ఇప్పుడు సగం పిలుపులు దాంట్లోనే. బొమ్మను అది కుదించి పంపుతుంది, మెరూన్ పక్కన బంగారు సన్నగీత మసకబారుతుంది. దానికి వేరే ఫైలు చేయండి. చిన్న వరుసలను రెండింతలు పెద్దవి చేసి, మాటలు తగ్గించి, చిరునామా బదులు మ్యాప్ లింకు ఇవ్వండి.

అచ్చుగది

నీలిసిరా గారికి ప్రెస్సు వైపు నుంచి నా సలహా. కింది వరుసలు నాలుగు రంగుల కలయికలో వద్దు. ఐదో రంగుగా బంగారు సిరా వేయగలరేమో అడగండి. కుదిరితే మెరూన్ నేలను అక్షరాల దగ్గర తెరవకుండా దాని మీదే బంగారు సిరా వేయమనండి. చుక్కల గడి గొడవ ఉండదు, ప్లేట్లు జరిగే భయం ఉండదు. బంగారు సిరా మెరూన్ మీద కొంచెం మగ్గుతుంది, రెండుసార్లు వేస్తే తేరుకుంటుంది. అది కుదరకపోతే చిన్న వరుసలను వెనక అట్ట మీద తెలుపులో మెరూన్‌తో వేయండి. మెరూన్‌ను ఒకే సిరాగా కలిపించుకుంటే నయం.

పెద్ద పేర్లకు ఫాయిలు అన్నారు. వేడి డై (లోహపు అచ్చు) కింద ఫాయిలు గీత అంచు దాటి కొంచెం పాకుతుంది, మరీ సన్నగీత దగ్గర సరిగ్గా అంటుకోదు కూడా. 40 పాయింట్ల పేరుకు 96 రూపం కాకుండా 28 దగ్గర రూపం పెట్టండి. డై చేసేవాళ్లకు బొమ్మ ఫైలు ఇవ్వకండి, గీతలుగా మార్చిన ఫైలు ఇవ్వండి. నమూనా అదే కార్డు మీద తీయించుకోండి, మామూలు కాగితం మీద తీసి చూపిస్తే ఒప్పుకోవద్దు.

నీలిసిరా

ప్రెస్సు ఆయనతో మాట్లాడాను. బంగారు సిరా వేస్తారట, రెండుసార్లు వేయడానికీ ఒప్పుకున్నారు. గడి లెక్క చెబితే ఆయనే "మరి మొదటే ఈ మాట ఎవరూ అడగరమ్మా" అన్నారు. కింది వరుసలకు 9 రూపం పెట్టి, సైజు 10కి పెంచాను. చిరునామాలో రెండు వరుసలు తీసేశాను. పేర్లు 28 రూపంలో. అనూష గారి 'అండ్' గుర్తు పెట్టాను, మా చెల్లి దాన్ని చూసి మిగతా అట్ట చూడటం మానేసింది.

లోపలి తెలుగుకు టీరో పెట్టి పిన్నికి చూపించాను. బాపు రాతే కావాలంది. పై అట్ట మీద బొడోని నాకు వదిలేసింది కాబట్టి లోపలిది తనకు వదిలేస్తున్నాను.

ఎర్రసిరా

పిన్ని గారి మాటే నెగ్గాలి. అట్ట అచ్చయ్యాక ఫోటో పెట్టండి, ఆ 'ఎన్' నిలబడిందో లేదో చూడాలి.

ఒత్తుదీర్ఘం

బాపు రాత ఫాంటులో 'ధ', 'థ' ఉన్న ప్రతి పేరునూ ప్లేటుకు ముందు ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. ఆ తరహా ఫాంట్లు కొన్నింటిలో చుక్క చాలా చిన్నది.

నీలిసిరా

పెళ్లికొడుకు పేరు సిద్ధార్థ. ఇప్పుడే చూస్తున్నాను.